మార్గలక్ష్మి అడిగిన పేరు

“ఏందయ్యా శేషగిరీ, నాకమ్మింది కొత్త బండా, కొత్తగా కడిగిన పాత బండా? నా కళ్ళల్లోకి చూసి చెప్పు!” అని పిచ్చయ్య అను రైతు అరచెను. ఇంజను పట్టివేసిన మోటారుసైకిలును ట్రాక్టరులోనుండి దింపించి, షోరూము గాజు తలుపునకు అడ్డముగా పడుకోబెట్టించెను. చుట్టును నలుబదిమంది గుమిగూడిరి. పొదిలి పట్టణమున పట్టపగలు పదకొండు గంటల వేళ ఆ వీధిలో బస్సులు కూడ ఆగిపోయెను.

మాండవ్య మహాముని ఈ మాటతోనే కథ ఎత్తుకొనెను. అంతకుముందు శిష్యుడైన కౌండిన్యుడు ఆయనను సమీపించి, “స్వామీ, కలియుగమున వానలు తప్పి, పంటకు గిరాకీ పోయి, కొట్టులు ఒకటొకటిగా మూతపడుచుండగా, బండ్లమ్ముకొని బ్రతుకు గృహస్థులు ఏ వ్రతము చేసిన నిలుతురు? దాని కథ ఎట్టిది?” అని అడిగి యుండెను. మాండవ్యుడు నవ్వి, “మొదటినుండి చెప్పిన నీవు కునుకు తీయుదువు. గుంపు గాజు తలుపు దగ్గర ఉండగనే చెప్పెదను, వినుము” అనెను.

బండారు శేషగిరి అను వర్తకుడు ఆ షోరూమునకు యజమాని. ఆయన ఇల్లాలు మాణిక్యాంబ మధ్యాహ్నములందు అక్కడనే కూర్చుండి, వచ్చినవారికి మజ్జిగ ఇచ్చి మాట్లాడి పంపుచుండెను. వెనుకనున్న వర్క్‌షాపునకు సైదులు అను పెద్ద మెకానిక్కు. ఇరువది రెండేండ్లుగా ఆ ఊరి బండ్ల దగ్గు విని రోగము చెప్పగలవాడు. పూర్వము దసరానాడు ఆ వాకిట ఒక్క పూటలో ముప్పది బండ్లకు నిమ్మకాయలు తొక్కించిరి. పిమ్మట రెండేండ్లు వానలు మొగము చాటేసెను. పొగాకు కొనువారు రాకపోయిరి. రాతి క్వారీలలో యంత్రములు ఆగెను. పెండ్లికొడుకునకు కొత్త బండి పెట్టవలసిన మామ, తన పాత బండికే గొలుసు మార్పించి ఇచ్చెను. పట్టణమున నాలుగు షోరూములుండగా ఒకటి బిరియానీ హోటలయ్యెను, ఒకటి స్కూలు యూనిఫారములమ్ము కొట్టయ్యెను, మూడవదానికి తాళము పడి తుప్పు పట్టెను. మిగిలినది శేషగిరిది ఒక్కటే.

జనులు కొనుట తగ్గించిరి గాని కంపెనీ అడుగుట తగ్గింపలేదు. నెలకింత అమ్మితీరవలెనని పైనుండి ఒక సంఖ్య వచ్చెడిది. ఏరియా మేనేజరు ప్రణీత్ అనువాడు నెలాఖరున ఫోను చేసి, ఇంకను పది తక్కువ, ఇంకను ఎనిమిది తక్కువ అని చెవి కొరికెడివాడు. ఆ సంఖ్య అందినచో సభలో శాలువా, అందనిచో షోరూము రద్దు. శేషగిరి నెల నెలయు ఎట్లో అందుకొనుచునే యుండెను. ఊరిలో గిరాకీ లేకున్నను సంఖ్య ఎట్లు అందుచున్నదని ఆయన అడుగలేదు. శాలువాలు మాత్రము బీరువాలో మడతపెట్టెను.

ఇక గుంపు కడకు రమ్ము.

సైదులు బయటికి వచ్చి, పిచ్చయ్య బండి నంబరును కంప్యూటరులో కొట్టి, తెరను జనుల వైపు త్రిప్పెను. పిచ్చయ్య ఆ బండి కొని నెల కాలేదు. కంపెనీ వారి తెరలో మాత్రము పదునాలుగు నెలల క్రిందటనే ముండ్లమూరి కోటేశ్వరమ్మ అను ఆమెకు అమ్మినట్లుండెను. ఉచిత సర్వీసుల గడువు తీరిపోయెను. పదునాలుగు నెలలు గోదాములో నిలబడి నూనె చెడిపోయెను. గుంపులో ఒకడు, “కోటేశ్వరమ్మ మా మేనత్త! ఆమె సైకిలే ఎక్కదు, కొడుకు పాత బండి ఆమె పేరు మీదుంది అంతే, ఈ బండెప్పుడు కొనింది?” అని కేక వేయగా, కొందరు నవ్విరి, కొందరు తమ తమ బండ్ల నంబర్లు చూపుమనిరి. చూడగా చూడగా అట్టివి పదకొండు తేలెను. అమ్మని బండిని అమ్మినట్లు, సర్వీసునకు వచ్చిపోయిన వారి పేర్లు పెట్టి ఎవరో రాసిరి. రాసిన దినమునుండియే గ్యారంటీ కరిగిపోవుట మొదలిడెను. తరువాత అదే బండిని కొత్తదని వేరొకరికి అంటగట్టిరి. పదకొండును నెలాఖరు దినములనే, మధ్యాహ్నము ఒంటిగంటకును మూడు గంటలకును నడుమ రాయబడెను.

“ఎవడు రాసిందో చెప్పు. పేరు చెప్పేదాకా నా బండి ఈ గుమ్మంలోంచి లేవదు” అని పిచ్చయ్య మెట్టుమీద కూర్చుండెను.

శేషగిరి ముందుకు వచ్చెను. ఆ వేళకు తాను ఇంటికిపోయి భోంచేసి పండుకొనుట ఊరంతకును తెలియును. కంప్యూటరు తెరచు రహస్యసంఖ్య తనకును సైదులునకును తప్ప తెలియదనియు, సైదులు మధ్యాహ్నము వర్క్‌షాపులోనే డబ్బా విప్పుకొని తినుననియు జనులతో చెప్పెను. అట్లు చెప్పుటయే తీర్పయ్యెను.

సైదులు కోపపడలేదు. కంప్యూటరు మీటల పలకను వైరుతో సహా ఊడదీసి, గుంపు ఎదుట పైకెత్తెను.

“ఇటు చూడండయ్యా. నేను బండి నంబరు చివరి అంకెలు కొడతా, కిలోమీటర్లు కొడతా. అంకెలన్నీ నా మసికి నల్లబడి ఉన్నయ్. అక్షరాలు చూడండి, పాలల్లో కడిగినట్టున్నయ్. పదకొండు పేర్లు నేనే కొడితే వాటికి మసి అంటదా?” అనెను. శేషగిరి వైపు తిరిగి, “మీరన్నా చూడండి. ఒక్కసారి చూడండి” అనెను.

శేషగిరి చూడలేదు. చూచినచో మరియొక పేరు వెదకవలసి వచ్చును. గొడవ విని వచ్చిన మాణిక్యాంబ గాజు తలుపు వెనుక నిలిచి చూచుచుండగా, ఆ క్షణమే వానిని పనిలోనుండి తీసివేసితిననెను. సైదులు తన పానాల పెట్టె భుజమున వేసికొని, “మసి చేతులకు పని దొరుకుద్ది, దొంగ చేతులకు దొరకదు. నా పేరు మాత్రం ఇక్కడే పడింది, ఇక్కడే లేవాల” అని చెప్పి పోయెను. పిచ్చయ్య బండికి శేషగిరి ఇంజను మార్పించి ఇచ్చెను. పిచ్చయ్య బండి తీసికొనెను గాని, “ఈ పేరు నేను నమ్మలా” అని అందరు వినునట్లు చెప్పి మరీ వెళ్ళెను.

పిమ్మటి శుక్రవారమున ఒక స్త్రీ చీపురు కట్టలు కొండవలె కట్టిన పాత మోపెడును నెట్టుకొనుచు షోరూము ముందుకు వచ్చెను. గొలుసు తెగి చక్రమునకు చుట్టుకొని యుండెను. కుఱ్ఱ సేల్సుమను వాకిటనే నిలిచి, మా దగ్గర కొన్న బండి కాదు, మా కంపెనీ బండి కూడ కాదు, ఎండలో అడ్డము తీయుమని కసరెను. ఆమె కదలలేదు. చీపురు ఒకటి లాగి, ఆ మెట్టును తానే ఊడ్చి, దానిమీద కూర్చుండెను.

మాణిక్యాంబ మజ్జిగ గ్లాసుతో వచ్చెను. ఆ స్త్రీ త్రాగి, “ఏం తల్లీ, కొట్టు ఇంత పెద్దది, ఒక్క గొలుసు బిగించే చెయ్యి లేదే లోపల?” అనెను.

“ఉండేవాడమ్మా. పంపించేశారు.”

“పంపించారా, తోశారా?”

మాణిక్యాంబ ఖాళీ గ్లాసు అందుకొనెను. అప్పుడు ఆ స్త్రీ ఇట్లు చెప్పెను: “కొత్త బండి కొనేవాడు ఏడేళ్ళకొకసారి వస్తాడు. పాత బండోడు నెలకొకసారి వస్తాడు. వాణ్ణి తరిమి వీడి కోసం గుమ్మంలో కూచున్నారు. నేను మార్గలక్ష్మిని కొలిచేదాన్ని. ఆ తల్లి షోరూములో ఉండదు, రోడ్డు మీద ఉంటది. శుక్రవారం పొద్దున, ఆ రోజు వచ్చినవాటిల్లోకెల్లా పాత బండి ఏదో దాన్ని కడిగి, చక్రం బొడ్డుకు పసుపు రాయండి. కుంకం పెట్టండి. పానకం, వడపప్పు పెట్టండి. ఆ బండాయన్ని పీట మీద కూచోబెట్టి అన్నం పెట్టండి. అయ్యాక ఈ కొట్టుకు చెడుపు చేసినవాళ్ళ పేరు నలుగురిలో పైకి చెప్పండి. పేరు చెప్పకపోతే వ్రతం ముగియదు. తప్పు పేరు చెప్తే ముగియకపోగా తిరగబడుద్ది.”

ఇంతలో శేషగిరి లోపలినుండి పిలువగా మాణిక్యాంబ తల త్రిప్పెను. మరల చూచునప్పటికి మెట్టు మీద ఒక చీపురు మాత్రముండెను. తెగిన గొలుసుతో అంత బరువు మోపెడు ఎటు పోయెనో వీధిలో నెవరును చూడలేదు. వచ్చినది మార్గలక్ష్మియే అని గ్రహించి మాణిక్యాంబ వ్రతము చేయుటకు నిశ్చయించెను.

మొదటి శుక్రవారము వచ్చెను. తుప్పు పట్టిన బండిని షోరూము ముందు పూజించినచో నలుగురు నవ్వుదురని శేషగిరి మొండికేసెను. అందుచే గాజు వెనుకనున్న సరికొత్త ఎఱ్ఱ బండికి పూలదండలు వేసిరి, పట్టుచీర కొంగు పరచిరి. సేల్సుమనుకే పీట వేసి పులిహోర పెట్టిరి. పేరు చెప్పవలసిన వేళ, అందరును తలలు దించుకొని హారతి కన్నులకద్దుకొనిరి. ఆ వారముననే ముందుగా మాటనుకొన్న మూడు బండ్లవారు వద్దనిరి. పూజ చేసిన ఎఱ్ఱ బండి చక్రములలో గాలి దానంతటది దిగి, నేలకు కరచుకొని కూర్చుండెను.

రెండవ శుక్రవారమున భయపడి, పూజారి తాతనాటి స్కూటరును తెచ్చి కడిగిరి, పసుపు రాసిరి, ఆయనకు భోజనము పెట్టిరి. ఇక పేరు. శేషగిరి గొంతు సవరించుకొని, “సైదులు” అని గట్టిగా పలికెను. మాణిక్యాంబ పీట మీద కదలక కూర్చుండెను. ఔననలేదు, కాదనలేదు. దీపము ఆరిపోయెను. పూజారి మరల వెలిగించెను, మరల ఆరెను. మూడవసారి ఆయన వత్తిని పక్కన పెట్టి, “ఏదో తేడాగా ఉంది, నేను వెళ్ళొస్తా” అని చెప్పి తన స్కూటరెక్కి పోయెను.

ఆ దినమే వర్క్‌షాపులో మిగిలిన నలుగురు మెకానిక్కులును పానాలు సర్దుకొని వెళ్ళిపోయిరి. వారు దర్శి రోడ్డులో సైదులు వేసిన పట్టా పందిరి క్రిందికి చేరిరి. ఆ పందిరి ముందు అన్ని కంపెనీల పాత బండ్లును వరుస కట్టెను. షోరూము ముందు గాలి మాత్రము తిరుగుచుండెను. నాలుగవ దినమున కంపెనీనుండి కాగితము వచ్చెను. పదకొండు బండ్ల సంగతి బయటపడి తమకు చెడ్డపేరు వచ్చినదనియు, దోషి సైదులని శేషగిరి సంతకము చేసి ఇచ్చినచో వానిపై పోలీసు కేసు పెట్టి షోరూమును ఉండనిత్తుమనియు, లేనిచో వచ్చు శుక్రవారమున బోర్డు దింపెదమనియు అందుండెను.

శేషగిరి కలము తీసెను. మాణిక్యాంబ ఆ కాగితమును ఆయన చేతిలోనుండి లాగికొని, శుక్రవారము పూజ అయిన తరువాత చేయవచ్చునని చెప్పి, దర్శి రోడ్డుకు నడచి పోయెను.

సైదులు ఒక ఇంజను విప్పి కూర్చుండియుండెను. తలెత్తలేదు.

“అమ్మా, నీడలోకి రండి. మా దగ్గర కుర్చీల్లేవు, టైరు మీద కూచోవాల” అనెను.

ఆమె టైరు మీద కూర్చుండి, శుక్రవారము పూజకు రమ్మని పిలిచెను.

“మళ్ళీ నా పేరు చదవటానికా? పోయినసారి దీపం ఆరిందంటగా. ఈసారి నూనె ఎక్కువ పొయ్యండి.”

“ఎగతాళి చెయ్యి సైదులూ. నాకు తగిందే. కానీ రా.”

“వస్తే పోలీసోళ్ళు ఉంటారేమో?”

“ఉండొచ్చు” అని మాణిక్యాంబ అబద్ధమాడక చెప్పెను.

సైదులు చేతులు గుడ్డకు తుడుచుకొనెను. “ఇంట్లో పిల్లని బళ్ళో ఏడిపిస్తన్నారమ్మా, మీ నాన్న దొంగ పేర్లు రాశాడంట గదా అని. దానికోసం వస్తా. పూజకి కాదు. ఆ గుమ్మంలో పేరు మారాల, అది చాలు నాకు” అనెను.

ఇంతవరకు చెప్పి మాండవ్యుడు ఊరకుండెను. కౌండిన్యుడు, ఆ శుక్రవారము ఏమి జరిగెనో చెప్పుమని తొందరపెట్టెను. ముని చేయెత్తి వారించి ఇట్లనెను:

“ఆగుము. తక్కిన వ్రతములలో ఫలము చివర చెప్పుదురు. ఈ వ్రతమున ఫలము ముందు, పేరు చివర. పేరు పలికిన వెనుక ఎవరును నోరు మెదపరాదు. అక్షతలు చల్లి లేచిపోవలెను. కనుక ఫలము ఇప్పుడే వినుము.

ఆ శుక్రవారము నిజమైన పేరు పలుకబడెను. కంపెనీవారు అన్నంత పనియు చేసి బోర్డు దింపుకొని పోయిరి. పోనిమ్మనిరి. బోర్డు లేని ఆ గోడకు సున్నము వేసి, ఏ కంపెనీ బండియైనను ఏ ఊరి బండియైనను ఇచ్చట బాగుచేయబడునని సైదులు చేత రాయించిరి. పదకొండు మందికిని ఏడాది పాటు ఊరకనే సర్వీసు చేసిరి. పిచ్చయ్య తన బండిని అచ్చటికే తెచ్చి, మరి నలుగురిని వెంట తెచ్చెను. వానలు ఆ ఏడును లేవు. పొగాకు ఆ ఏడును అమ్ముడుపోలేదు. అయినను పాత బండ్లు నడువక తప్పదు గదా! సైదులును ఆ నలుగురును తిరిగి రాగా, వర్క్‌షాపులో అయిదుగురుండినచోట తొమ్మండుగురైరి. శేషగిరి బీరువాలోని శాలువాలు తీసి, తుడుపు గుడ్డలు చేసి వారికి పంచెను. రెండవ సంవత్సరమున, అక్కడికే జనులు పోవుచుండుట చూచి, కంపెనీవారే తిరిగి వచ్చి బోర్డు పెట్టుకొందుమని అడిగిరి. ‘నెలాఖరున ఫోను మోగితే ఆ రోజే బోర్డు రోడ్డు మీద ఉంటది’ అని షరతు పెట్టి మాణిక్యాంబ ఒప్పుకొనెను. వారు తలలూపిరి.

ఈ వ్రతమును బండ్లమ్మువారు, బండ్లు బాగుచేయువారు, గిరాకీ లేక కొట్టు గుమ్మమున కూర్చున్నవారు, పైనుండి వచ్చు సంఖ్యకు భయపడి లేనిది ఉన్నట్లు రాసినవారు, తమ తప్పును పనివాని మీదికి నెట్టినవారు తప్పక చేయవలెను. నెట్టబడినవారు చేయనక్కరలేదు. వారిని పీట మీద కూర్చుండబెట్టుటయే వ్రతము. చేసినవారికి వాకిట చక్రము తిరుగును, చేసిన పనికి పేరు నిలుచును, పెద్ద కంపెనీ ఎదుట తల వంచని ధైర్యము కలుగును. కథ విన్నవారి బండి దారిలో ఆగదు. పేరు దాచి కథ మాత్రము చదివించినవారికి ఏమియు కలుగదు. ఇక అక్షతలు చేతబట్టుకొనుడు.”

ఆ మూడవ శుక్రవారము ఉదయము తొమ్మిది గంటలకు వచ్చిన బండ్లలోకెల్ల పాతది సైదులుదే. అతుకుల మీద అతుకులు వేసిన నల్ల బండి. మాణిక్యాంబ చీర కుచ్చెళ్ళు దోపుకొని దానిని తానే కడిగి, చక్రముల బొడ్డులకు పసుపు రాసి కుంకుమ పెట్టెను. సైదులునకు పీట వేసి వడ్డించెను. అతడు వడపప్పు నోట వేసికొని, “ఉప్పు తక్కువైందమ్మా” అనెను. చూడవచ్చిన పిచ్చయ్య పెద్దగా నవ్వెను. వీధిలో మొన్నటికన్న ఎక్కువమంది చేరిరి.

అంతలో ప్రణీత్ కారు దిగెను. నిచ్చెనతో ఇద్దరు మనుష్యులు బోర్డు క్రింద నిలిచిరి. అతడు శేషగిరి ముందు కాగితము చాచి, సంతకము పెట్టినచో నిచ్చెన వెనుకకు పోవుననెను. శేషగిరి చేయి కాగితము మీదికి పోయెను. దీపము రెపరెపలాడెను.

“ఏమండీ, పెన్ను కింద పెట్టండి. పేరు నేను చెప్తా” అని మాణిక్యాంబ లేచి నిలిచెను.

“నీకేం తెలుసు? కూచో!” అని శేషగిరి కసరెను.

“నాకు కాక ఇంకెవరికి తెలుసు? ఆ కంప్యూటరు కొన్న రోజున రహస్యసంఖ్య పెట్టింది ఎవరు? మీకు టైపు రాదంటే నేను పెట్టా. ఇద్దరికే తెలుసని ఊరందరికీ చెప్పారే, నన్ను మనిషిగా లెక్కపెట్టటం మరిచిపోయారు.”

ప్రణీత్ చిరునవ్వుతో ముందుకు వచ్చెను. “మేడమ్, ప్లీజ్. లోపలికెళ్ళి మాట్లాడుకుందాం. అందరి ముందు ఎందుకు?”

“అందరి ముందే. సార్ నిద్రపోయే టైముకి చూసుకుని నాకు ఫోన్ చేసింది నువ్వు కాదా? ‘మేడమ్, సార్‌కి చెప్పి టెన్షన్ పెట్టకండి, పాత సర్వీసు కార్డుల్లోంచి పేర్లు కొట్టెయ్యండి, అందరూ చేసేదే’ అని నేర్పింది నువ్వు కాదా? అడిగావు, నేను చేశా. నీ పాపం నువ్వు మీ కంపెనీలో చెప్పుకో. నా వాటా నేను ఇక్కడ చెప్తున్నా.”

“బోర్డు పోతుంది మేడమ్, ఆలోచించుకోండి!”

“నిచ్చెన ఉందిగా, ఎక్కించు మనుషుల్ని! రేకు ముక్క కోసం వాడి బిడ్డను బళ్ళో తల దించుకోనివ్వను.”

“మాణిక్యం, వద్దు” అని శేషగిరి ఆమె చేయి పట్టుకొనెను. ఆమె విడిపించుకొని, సైదులు పీట ముందు నిలిచి, వీధి ఆ కొసదాక వినబడునట్లు ఇట్లు పలికెను:

“వినండి అందరూ! పిచ్చయ్యా, నువ్వూ విను, పేరు అడిగింది నువ్వేగా. పదకొండు దొంగ పేర్లు కొట్టింది సైదులు కాదు. వాణ్ణి తరిమేటప్పుడు తెలిసి కూడా నోరు మూసుకుని నిలబడింది ఎవరో, వాటిని కొట్టిందీ ఆమే. బండారు మాణిక్యాంబ!”